పాత మిద్దెలో పూలబిళ్లలు ఉంచాలా, తీసేసి కొత్త టైల్స్ వేయించాలా?

పెన్నాగట్టు
కావలికి పడమరగా ఉన్న మా పల్లెలో మా తాత 1956లో కట్టించిన మిద్దె ఇంటిని బాగుచేయిస్తున్నాము. ముందు హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. నేలంతా ఎనిమిది అంగుళాల సిమెంటు పూలబిళ్లలే. ప్రతి బిళ్లకూ ఒక మూలన ఎర్ర నక్షత్రంలో పావు వంతు, దాని ఎదురు మూలన ఆకుపచ్చ పువ్వులో పావు వంతు ఉంటాయి. నాలుగు బిళ్లలు కలిస్తే గాని బొమ్మ పూర్తి కాదు. గోడ నుంచి గోడ దాకా ఇదే బిళ్ల, అంచుపట్టీ లేదు. వాటిలో 61 పగిలిపోయాయి, ఎక్కువ భాగం వాకిలి దగ్గర, గోడల వెంబడి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఇదంతా తవ్వించి ఇల్లంతా నాలుగడుగుల నిగనిగలాడే టైల్స్ వేయించమంటున్నాడు. నెల్లూరులో ఒక షోరూమ్‌కు వెళితే, అచ్చం మా హాలు లాంటి బొమ్మనే ముద్రించిన రెండడుగుల టైల్స్ చూపించి, ఇప్పుడు పాతకాలపు నమూనాలే ఫ్యాషన్ అని చెప్పారు. ఫ్యాషన్ అయిన వస్తువు ఇంట్లోనే ఉండగా దాన్ని తవ్వించి, దాని బొమ్మను కొనుక్కోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఉంచితే పగిలినవాటి సంగతి ఏమిటి, పక్క గదులలో ఏమి వేస్తే దీనితో కలుస్తుంది, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చుక్కలముగ్గు
తవ్వించకండి. మేము తవ్వించి పదేళ్లయింది, నేటికీ మా అత్తగారు ఆ మాట ఎత్తకుండా కాఫీ తాగరు.

ఉప్పుగాలి
అందరూ ఉంచమనే అంటారు కాబట్టి, ఉంచి బాధపడినవాడి మాట కూడా వినండి. మాది కొత్తపట్నం వైపు, సముద్రానికి దగ్గర. పాత బిళ్లలను ముచ్చటపడి ఉంచుకుని, మెరుపు కోసం పైన వార్నిష్ లాంటి పూత వేయించాము. ఒక వానాకాలం గడిచేసరికి బిళ్లల మధ్య నుంచి తెల్లటి ఉప్పు పొడి ఉబికి, పూత పొరలు పొరలుగా లేచిపోయింది. రెండుసార్లు గీకించాము, రెండుసార్లూ మళ్లీ వచ్చింది. ఆ డబ్బుతో గది మొత్తానికి కొత్త టైల్స్ వచ్చి ఉండేవి.

రసమట్టం
ఉప్పుగాలి గారి కష్టం నిజమే గాని, తప్పు బిళ్లలది కాదు, పూతది. పాత ఇళ్లలో నేల కింద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ ఉప్పును వెంటబెట్టుకుని పైకి వస్తుంది, పైన నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. సిమెంటు బిళ్ల ఆ చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. గాలి ఆడని పూత వేస్తే చెమ్మ దాని కింద చిక్కుకుని పూతనే ఎత్తేస్తుంది. బిళ్ల లోపలికి ఇంకి, పైన పొర కట్టని సీలర్ వాడాలి, అది కూడా నేల బాగా ఎండిన తర్వాత, వేసవిలో. ఉప్పు పొడిని తడిబట్టతో తుడిస్తే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది కాబట్టి, ముందు పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తివేయాలి.

ఇక పెన్నాగట్టు గారు మొదట తేల్చుకోవలసింది బొమ్మ కాదు, మందం. పాత సిమెంటు బిళ్ల సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇప్పటి విట్రిఫైడ్ టైల్ దాదాపు 9. పక్క గదిలో కొత్తవి వేసేటప్పుడు ఆ తేడాను కింద మాలులోనే సరిదిద్దకపోతే గడప దగ్గర మెట్టు వస్తుంది, ఇంట్లో పెద్దవారు ఆ మెట్టుకే తట్టుకుంటారు. బరువు కూడా చూసుకోవాలి: ఎనిమిది అంగుళాల బిళ్ల ఒక్కొక్కటి దాదాపు రెండు కిలోలు తూగుతుంది.

బిల్లుబుక్కు
నేను ఒంగోలులో టైల్స్ అమ్మే చోట పని చేస్తాను కాబట్టి నా మాటను కొంత తగ్గించి తీసుకోవచ్చు. ముద్రించిన టైల్‌ను ఇక్కడ అందరూ నకిలీ అన్నట్టు మాట్లాడబోతున్నారని ముందే తెలుసు. గుజరాత్‌లోని మోర్బీలో యంత్రం మీద ఇంక్‌జెట్‌తో బొమ్మ ముద్రించి, పైన గాజు లాంటి గ్లేజు పూత వేసి కాల్చి తెచ్చిన విట్రిఫైడ్ టైల్ నీటిని అర శాతం కూడా పీల్చదు. నూనె ఒలికినా, పసుపు పడినా తుడిస్తే పోతుంది. సిమెంటు బిళ్లకు ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. వంటింటి గోడకు, స్నానాల గదికి, మేడ మెట్ల నిలువు భాగానికి ముద్రిత టైల్ ఏ విధంగానూ తక్కువది కాదు. అయితే హాలు నేల విషయంలో మాత్రం, నా అమ్మకం పోయినా సరే, పాతవి ఉంటే ఉంచుకోమనే చెబుతాను.

పెన్నాగట్టు
బిల్లుబుక్కు గారు, నాకు చూపించినవాటిని "మొరాకన్" అని పిలిచారు. మా తాతకు మొరాకోతో ఏ సంబంధమూ లేదు, ఆయన చూసిన అతి దూరపు ఊరు మద్రాసు.

పలకాబలపం
ఆ పేరు అంగళ్లు పెట్టిన పేరు. మొరాకోలో పేరుపొందినది జెల్లీజ్, అంటే గ్లేజు వేసి కాల్చిన మట్టి పలకలను సుత్తితో చిన్న చిన్న ముక్కలుగా చెక్కి, ఆ ముక్కలతో కూర్చే పని. మీ హాలులో ఉన్నది దాని వంశం కాదు. సిమెంటు బిళ్ల 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్స్‌లో పుట్టింది; అక్కడి వివియే అనే ఊరు దీనికి పేరు. ఇత్తడి అచ్చులో గదులు గదులుగా రంగు సిమెంటు పోసి, అచ్చు తీసి, వెనుక పొడి సిమెంటూ ఇసుకా నింపి, ప్రెస్సులో గట్టిగా అదిమి, నీటిలో నానబెడతారు. బట్టీలో కాల్చే పనే లేదు. మొదట విదేశాల నుంచి ఓడలలో దిగేవి. బొంబాయిలో 1922లో భారత్ టైల్స్ మొదలైన తర్వాత మన దేశంలో తయారైనవే ఇళ్లకు రావడం పెరిగింది.

మద్రాసు దాటి వెళితే కారైక్కుడి దగ్గర ఆత్తంగుడిలో ఇప్పటికీ చేతితో చేస్తున్నారు. అక్కడ ప్రెస్సు కూడా ఉండదు, గాజు పలక మీద అచ్చు పెట్టి రంగు పోస్తారు, ఆరిన తర్వాత గాజును విడదీస్తే దాని నునుపు బిళ్లకు వస్తుంది.

రసమట్టం
పలకాబలపం గారు చెప్పిన దానిలోనే అసలు తేడా ఉంది. సిమెంటు బిళ్లలో రంగు కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు ఉంటుంది, అందుకే ఎంత నడిచినా అరిగిన చోట అదే బొమ్మ మళ్లీ కనిపిస్తుంది. ముద్రిత టైల్‌లో రంగు గ్లేజు కింద పలుచని పొర మాత్రమే. రోకలి జారి అంచు పెచ్చు లేస్తే లోపలి మట్టిరంగు కనిపిస్తుంది.

బిల్లుబుక్కు
హాలులో రోకలి ఎందుకు ఉంటుందండీ?

చుక్కలముగ్గు
సంక్రాంతికి మా ఇంటికి రండి, చూపిస్తాను.

చింతపండుచారు
వంటింటి సంగతి ఎవరూ తెరవలేదు కాబట్టి నేను చెబుతాను. నెల్లూరులో మా సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు, పత్రికలో బొమ్మ చూసి మోజుపడి, వంటింటి నేలకు చేతి బిళ్లలు తెప్పించాను. చేపల పులుసు చేసే ఇంట్లో సిమెంటు నేల వేయకూడదన్న జ్ఞానం నాకు అప్పుడు లేదు. చింతపండు రసం, నిమ్మరసం, పులిసిన మజ్జిగ, ఏది పడినా సిమెంటును తినేస్తుంది. మరక కాదు, నునుపు పోయి అక్కడ గరుకైన గుంట పడుతుంది. దానికి తోడు పనిమనిషి ఒకరోజు బాత్రూమ్ యాసిడ్‌తో కడిగింది. ఆ చోటు ఇప్పుడు దేశపటం లాగా ఉంటుంది. చివరికి నేల తీయించి మట్టిరంగు మ్యాట్ టైల్స్ వేయించి, మిగిలిన చేతి బిళ్లలను పొయ్యికి ఎదురుగా కాకుండా భోజనాల బల్ల వెనుక గోడకు అతికించాను. గోడ మీద వాటికి ఏ కష్టమూ లేదు. కాబట్టి పాత కొత్త కలపడమంటే ఏ వస్తువు ఏ గదిలో బతుకుతుందో చూసుకోవడమే గాని, బొమ్మకు బొమ్మ జోడించడం కాదని నా అభిప్రాయం.

ఉప్పుగాలి
పగిలినవాటి స్థానంలో ఆ ముద్రిత టైల్స్‌నే కోయించి పెడితే సరిపోదా? బొమ్మ ఒకటే అంటున్నారు కదా.

గళ్లనోటు
సరిపోదు, లెక్క ఒప్పుకోదు. పాత బిళ్ల ఎనిమిది అంగుళాలు, అంటే 203 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండడుగుల ముద్రిత టైల్ అసలు కొలత 600 మిల్లీమీటర్లు, అందులో మూడు బొమ్మలు వేస్తారు కాబట్టి ఒక్కొక్కటి 200. బొమ్మకు మూడు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తే పది బొమ్మలు దాటేసరికి ఒకటింబావు అంగుళం పక్కకు జరుగుతుంది. పావు నక్షత్రానికి పావు నక్షత్రం ఎదురుపడదు. ముద్రించిన కీళ్ల గీతలు ఒక చోట, నిజమైన కీళ్లు మరొక చోట కనిపించి, గదిలోకి వచ్చిన ప్రతివారూ ముందు అదే చూస్తారు.

చీమకుర్తి_నలుపు
పగిలినవి ఎక్కువగా వాకిలి దగ్గర, గోడల వెంబడి ఉన్నాయని మీరే రాశారు. చుట్టూ ఒక వరుస బిళ్లలను జాగ్రత్తగా తీసి, వాటిలో మంచివాటిని నడిమి పగుళ్ల చోట పెట్టండి. ఖాళీ అయిన చుట్టువరుసలో ఎనిమిది అంగుళాల నల్ల గ్రానైట్ పట్టీ వేయండి. నడుమ పాత పూలు, చుట్టూ నలుపు, అచ్చంగా తివాచీ పరిచినట్టు ఉంటుంది. కొత్త ఇళ్లలో ఈ తివాచీ పద్ధతినే డబ్బు పోసి చేయిస్తున్నారు. గ్రానైట్ పలక 18 నుంచి 20 మిల్లీమీటర్లు కాబట్టి రసమట్టం గారి మందం బాధ కూడా ఉండదు. మా ఊరి గెలాక్సీ రాయి ప్రపంచమంతా తిరుగుతుంది, కావలికి రాలేదా?

పలకాబలపం
గెలాక్సీలోని బంగారు చుక్కలు పాలిష్ చేస్తేనే బాగా మెరుస్తాయి, పాలిష్ చేస్తే ఆ మెరుపు నడిమి పాత బిళ్లల కాంతిని మింగేస్తుంది. డెబ్బై ఏళ్ల నేల పక్కన అద్దం పెట్టినట్టు ఉంటుంది. నల్ల కడప రాయి అయితే అణకువగా ఉంటుంది. మా మార్కాపురం పలక రాయి కూడా అందమే గాని, పొరల రాయి కదా, రోజూ నీళ్లతో కడిగే చోట అంచులు లేస్తాయని నేనే ఒప్పుకుంటాను.

చీమకుర్తి_నలుపు
కడప రాయి సున్నపురాయి జాతి. దాని మీద చింతపండుచారు గారి పులుసు పడితే ఏమవుతుందో ఆమెనే అడగండి. మెరుపు వద్దనుకుంటే గ్రానైట్‌లోనే లెదర్ ఫినిష్ తీసుకోవచ్చు, తోలు లాగా సన్నని గరుకుతో, కాంతి తక్కువగా ఉంటుంది. తడి కాలికి పట్టు కూడా దొరుకుతుంది.

గళ్లనోటు
ఆలోచన బాగుంది, కానీ అందులో ఒక ఉచ్చు ఉంది. లెక్కల మాస్టారిని కాబట్టి కాగితం మీద గీసి చూశాను. 12 అడుగులకు 18 బిళ్లలు, 14 అడుగులకు 21, మొత్తం 378. నక్షత్రం రెండేసి వరుసలకు ఒకటి చొప్పున వస్తుంది. 21 బేసి సంఖ్య కాబట్టి మీ హాలులో ఒక గోడ దగ్గర నక్షత్రాలు ఇప్పటికే సగానికి తెగి ఉండాలి. చుట్టూ ఒక వరుస తీస్తే 16, 19 మిగులుతాయి. 19 కూడా బేసే. అంచులు ఎన్నిసార్లు సమానంగా తీసినా రెండేసే తగ్గుతాయి కాబట్టి బేసి బేసిగానే ఉంటుంది. పైగా మొదటి వరుసను తీయగానే ఇటువైపు నక్షత్రాలు కూడా సగమవుతాయి. నల్లపట్టీ పక్కన సగం నక్షత్రాలు నిలబడితే తివాచీని కత్తిరించినట్టు ఉంటుంది.

పెన్నాగట్టు
దక్షిణపు గోడ దగ్గర నక్షత్రాలు సగమే ఉన్నాయి, నిజమే! యాభై ఏళ్లుగా చూస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు. అక్కడ మా అవ్వ ధాన్యపు గాదె ఉండేది.

చుక్కలముగ్గు
మాస్టారు గారు నక్షత్రాన్ని మాత్రమే లెక్కపెట్టారు, పువ్వును మరిచారు. ముగ్గు వేసే చేతికి ఇది వెంటనే తెలుస్తుంది. బిళ్ల ఎదురు మూలన పువ్వు ఉందని పెన్నాగట్టు గారు మొదటే చెప్పారు. మొదటి వరుసను తీస్తే రెండో వరుసా మూడో వరుసా కలిసే చోట పువ్వు నిండుగా వస్తుంది. అంటే అంచు గీత మీద సగం నక్షత్రాలు ఉన్నా, వాటి వెంటనే పూర్తి పువ్వుల వరుస నిలుస్తుంది, నిండు నక్షత్రాలు లోపలికి జరుగుతాయి. బేసి బాధ మాత్రం పొడవు వైపే ఉంది. అటు ఒక గోడ దగ్గర ఒకటి కాక రెండు వరుసలు తీసేస్తే సరి.

గళ్లనోటు
ఓడిపోయాను, అదీ ముగ్గుపిండి చేతిలో. మళ్లీ గీశాను, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. 16 అడ్డంగా, 18 నిలువుగా, 288 బిళ్లల తివాచీ వస్తుంది, నాలుగు అంచులూ ఒకేలా ఉంటాయి. తీయవలసినవి 90. మూడు వైపులా పట్టీ ఎనిమిది అంగుళాలు, నాలుగో వైపు పదహారు. ఆ వెడల్పు పట్టీ గాదె ఉన్న దక్షిణపు గోడ వైపు వస్తే, అక్కడ బల్లో అలమారో పెట్టుకుంటారు కాబట్టి తేడా ఎవరికీ కనిపించదు. పగిలిన 61లో ఆ 90 బిళ్లల పరిధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.

పెన్నాగట్టు
లెక్కపెట్టాను. తీయవలసిన వాటిలో 23, నడుమ 38.

గళ్లనోటు
అయితే 67 మంచివి మీ చేతికి వస్తాయి, కావలసినవి 38. తీసేటప్పుడు 29 విరిగినా పని ఆగదు.

రసమట్టం
విరుగుతాయా లేదా అన్నది కింది మాలు మీద ఆధారపడి ఉంటుంది. సున్నపు మాలు అయితే ఉలితో మెల్లగా తడితే శుభ్రంగా ఊడివస్తాయి, సిమెంటు మాలు అయితే మాలుతో పాటు బిళ్ల చీలుతుంది. 1956 ఇల్లు, పల్లె, కాబట్టి సున్నం ఉండవచ్చునని ఆశ. ముందే పగిలిన బిళ్ల ఒకదాన్ని తీసి చూడండి. దాని చుట్టూ కీళ్లను సన్నని బ్లేడుతో కోసిన తర్వాతే పక్కదాన్ని ముట్టుకోండి. తీసిన ప్రతిదాని వెనుక ఏ వైపు నక్షత్రమో సుద్దతో గుర్తు పెట్టండి, లేకపోతే మేస్త్రి తిరగేసి వేస్తాడు.

ఉప్పుగాలి
ఇంత లెక్క వేసి, పక్క గదుల సంగతి వదిలేశారు. పడక గదికి ఎర్ర ఆక్సైడ్ గచ్చు వేయిస్తే పాత నేలతో కలుస్తుందని మా బావమరిది అంటాడు.

రసమట్టం
కలుస్తుంది, వేసే చేయి దొరికితే. ఆక్సైడ్ గచ్చును ఒకే రోజున, ఒకే చేతితో, ఆగకుండా నున్నగా తోమాలి. మధ్యలో టీకి వెళ్లినా మచ్చ తెలుస్తుంది. ఆ పని బాగా వచ్చినవారు ఇప్పుడు చాలా తక్కువ. దొరకకపోతే ఒకే రంగు మ్యాట్ టైల్ మేలు. పూలున్న గది పక్కన మరొక పూల గది మాత్రం వద్దు.

బిల్లుబుక్కు
రంగును ఎంచుకునేటప్పుడు ఒక పాత బిళ్లను సంచిలో వేసుకుని అంగడికి రండి. ఫోన్‌లో తీసిన ఫొటోకూ బిళ్లకూ రంగు ఎన్నడూ కలవదు. బిళ్లలోని రంగులలో అతి తక్కువగా ఉన్న దాన్ని పట్టుకుని, దానికి దగ్గరగా ఉన్న ఒక్క రంగు టైల్‌నే ఇల్లంతా వేయండి. మీ అబ్బాయి కోరిన నాలుగడుగుల టైల్ కూడా వాడవచ్చు, నిగనిగలాడేది కాకుండా మ్యాట్‌లో తీసుకుంటే చాలు. ఆయనకు కొలత మిగులుతుంది, మీకు నడుము మిగులుతుంది.

చింతపండుచారు
పూజ గది విషయంలో ఒక మాట. ఇప్పుడు పద్మం, లక్ష్మీ పాదాలు ముద్రించిన నేల టైల్స్ విరివిగా వస్తున్నాయి. మా అమ్మ అయితే పద్మం మీద కాలు పెట్టకూడదని ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చివరికి దాని మీద పీట వేసి కప్పాము.

పలకాబలపం
పద్మం మీద నడవకూడదన్న నియమం అంత పాతదేమీ కాదేమో. సింహళంలో అనురాధపురం ఆరామాల మెట్ల ముందున్న అర్ధచంద్రశిలల నడుమ ఉన్నది పద్మమే, దాని మీదుగానే లోపలికి వెళ్లాలి. కానీ అమరావతి స్తూపం పద్మాలు ప్రాకారపు స్తంభాల మీద, అడ్డుపట్టీల మీద ఉంటాయి, కాలికి కాదు, కంటికి. రెండు సంప్రదాయాలూ బౌద్ధులవే.

చింతపండుచారు
ఈ మాట మీరే వచ్చి మా అమ్మకు చెప్పండి. భోజనం పెడతాను, ఆ తర్వాత జరిగే దానికి నా పూచీ లేదు.

చుక్కలముగ్గు
పాదాల కన్నా చుక్కల ముగ్గు మేలు, ముగ్గును తొక్కితే ఎవరూ ఏమీ అనరు. నడుమ పెట్టె ముగ్గు వచ్చేలా ఆత్తంగుడి వారికి కాగితం మీద గీసి పంపితే అచ్చు చేసి ఇస్తారని విన్న మా చెల్లెలు ఇప్పుడు గళ్ల కాగితం కొని కూర్చుంది. మెలికల ముగ్గు బిళ్లకు ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే మెలిక బిళ్ల అంచున ఎక్కడ బయటికి పోతుందో పక్క బిళ్లలో అక్కడే లోపలికి రావాలి, ముగ్గులో చుక్కల లెక్క చేసేది అదే పని.

పెన్నాగట్టు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కింద సున్నమే ఉంది. 90 తీస్తే, తీయడంలో విరిగినవి 11 మాత్రమే. 38 నడిమి ఖాళీలలో కూర్చున్నాయి, నిలబడి చూస్తే ఏవి మార్చామో తెలియడం లేదు. కూర్చుని చూస్తే తెలుస్తుంది, గోడ పక్కన ఉన్నవి తక్కువగా అరిగాయి కాబట్టి రంగు కొంచెం ముదురు. అంచుకు చీమకుర్తి రాయినే లెదర్ ఫినిష్‌లో వేయించాము. పలకాబలపం గారు మన్నించాలి, కడప రాయి కూడా చూశాము గాని మా ఇంట్లో అందరూ పులుసు తింటారు. పక్క గదులకు బూడిదరంగు మ్యాట్ టైల్స్ వచ్చాయి. సీలర్ పని వేసవికి వాయిదా వేశాము.

మిగిలినవి 18 బిళ్లలు. ఇల్లంతా తవ్వించమన్న మా అబ్బాయి మొన్న వచ్చి, హాలులో చెప్పులు విప్పి కాసేపు నిలబడి, ఆ 18నీ బెంగళూరు ఫ్లాట్‌కు ఇవ్వమని అడిగాడు. తలుపు లోపల రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున, మూడు వరుసలు, ఆరేసి చొప్పున వేసుకుంటాడట.

గళ్లనోటు
మూడు వరుసలంటే మళ్లీ బేసి, పువ్వు తెగుతుంది. నాలుగు నాలుగులు పదహారు వేసుకుని రెండు దాచుకోమనండి.